స్కై ద్వీపానికి కారులో: ఒంటి లేన్ రోడ్లు, గొర్రెలు, వాన

యూకేలో ఉండే మనవాళ్ళ ఇంటికి సమ్మర్‌లో అమ్మానాన్నలు వచ్చారంటే లండన్ చూపించాక తర్వాతి పేరు స్కాట్లాండ్, స్కాట్లాండ్ అంటే ఇక స్కై. నన్ను అడిగేవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, రెండు రోజులు సరిపోతాయా?" సరిపోవు. ద్వీపం పొడవు 50 మైళ్ళే, హైదరాబాద్ నుంచి జనగామ ఎంతో అంత, అది చూసి ఒక్కరోజులో చుట్టేయొచ్చు అనుకుంటారు. అక్కడ మైళ్ళ లెక్క పనిచేయదు, గంటలే లెక్క. నేను నాలుగుసార్లు వెళ్ళాను, మొదటిసారి అన్నీ తప్పులే చేశాను, వాటిలో ఒకటి ట్రాక్టర్ దాకా వెళ్ళింది, దాని సంగతి కింద చెప్తాను. వరసగా చదివి, ఆ వరసలోనే చేసుకుంటూ పోండి.

1. ముందు నెల, తర్వాత గది, ఆ తర్వాతే కారు

మే నెల, కుదరకపోతే సెప్టెంబర్. మేలో వాన కాస్త తక్కువ, గొర్రెపిల్లలు ఉంటాయి, రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. జూన్‌లో అయితే పదిన్నరకి కూడా టార్చ్ అవసరం రాదు, తెల్లారి నాలుగున్నరకల్లా సూర్యుడు వచ్చేస్తాడు. డిసెంబర్‌లో దీనికి పూర్తిగా ఉల్టా, తొమ్మిదికి తెల్లారి మూడున్నర దాటితే చీకటి, సగం హోటళ్ళు మూసేసి ఉంటాయి, కొత్తవాళ్ళు వెళ్ళొద్దు. జులై, ఆగస్టుల్లో జనం ఎక్కువ, జనం కంటే ఎక్కువ మిడ్జ్‌లు. ఇవి మన నుసుముల్లాంటివే, కాకపోతే గుంపులుగా వచ్చి కుడతాయి. గాలి కాస్త వీచిందంటే కనపడవు, గాలి ఆగిన సాయంత్రం నీళ్ళ పక్కన నిలబడ్డారో అంతే. తలకి వేసుకునే వల దొరుకుతుంది, చూడ్డానికి నవ్వొస్తుంది కానీ కొనుక్కోండి.

సమ్మర్‌కి గది కావాలంటే నాలుగైదు నెలల ముందే పట్టుకోవాలి. పోర్ట్‌రీ పెద్ద ఊరు, అంటే స్కై లెక్కలో పెద్దది, మొత్తం ద్వీపంలోనే ఉండేది పదివేల మంది చిల్లర. పోర్ట్‌రీలో దొరక్కపోతే బ్రాడ్‌ఫర్డ్ చూడండి. అమ్మానాన్నలుంటే వంటగది ఉన్న ఇల్లే తీసుకోండి, ఎందుకంటే రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకే చాలాచోట్ల వంట ఆపేస్తారు, బుకింగ్ లేకుండా వెళ్తే టేబుల్ ఇవ్వరు, ఇచ్చినా శాకాహారులకి మిగిలేది చిప్స్, సూప్. ఒక్కసారి ఊరూరా తిరిగి చివరికి పెట్రోల్ బంకులో బిస్కెట్లు కొనుక్కుని పడుకున్న అనుభవం నాది.

2. లైసెన్సు, కారు

విజిటర్‌గా వచ్చినవాళ్ళు ఇండియా లైసెన్సు మీద 12 నెలల వరకు నడపొచ్చు. చదువుకో ఉద్యోగానికో వచ్చి ఇక్కడే ఉంటున్నవాళ్ళకి కూడా ఆ 12 నెలలే, అది దాటితే ఇక్కడి ప్రొవిజనల్ (మన లెర్నర్స్ లాంటి) లైసెన్సు తీసుకుని థియరీ, ప్రాక్టికల్ పాసవ్వాల్సిందే. "మనల్ని ఎవడు ఆపుతాడులే" అని వెళ్ళేవాళ్ళు ఉన్నారు. పోలీసు ఆపకపోవచ్చు కానీ, చిన్న గీత పడినా ఇన్సూరెన్స్ చెల్లదు, అప్పుడు తెలుస్తుంది. డ్రైవర్‌గా పేరు రాయించనివాళ్ళకి పది నిమిషాలకైనా స్టీరింగ్ ఇవ్వకండి, నాన్నకి సరదా వేసినా సరే.

అద్దెకి తీసుకునేటప్పుడు ఆటోమేటిక్ అని ప్రత్యేకంగా అడగాలి, అడక్కపోతే గేర్ల బండే ఇచ్చేస్తారు. చిన్న కారు తీసుకోండి. సామాను ఎక్కువ, మనుషులు ఐదుగురు అని పెద్ద బండి తీసుకుంటే హైవే మీద బాగుంటుంది, స్కైలో దిగాక ప్రతి మలుపులో అద్దాలు ముడుచుకుంటూ ఏడుస్తారు. టైర్లకి, అద్దానికి ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో సంతకానికి ముందే చూడండి, చాలావాటిలో వర్తించదు, అక్కడ పగిలేవి అవే. కీ చేతికిచ్చాక బండి చుట్టూ తిరిగి వీడియో తీసుకోండి. ఒకసారి నేను తియ్యలేదు, నేను చెయ్యని గీతకి 200 పౌండ్లు కట్టాను.

ఇంకొకటి. బయల్దేరే వారం ముందు ఏదైనా సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో ఒక గంట రివర్స్ ప్రాక్టీస్ చెయ్యండి, వంకర గీత మీద, అద్దాలు మాత్రమే చూస్తూ. ఎందుకో ఐదో మెట్టులో అర్థమవుతుంది.

3. డిక్కీలో ఏముండాలి

వాన కోటు, తడవని బూట్లు, ఒక జత అదనపు సాక్సులు. గొడుగు తీసుకెళ్ళకండి, ఆ గాలికి అది రెండు నిమిషాల్లో తామరపువ్వులా విచ్చుకుంటుంది, వాన పైనుంచి కాదు పక్కనుంచి పడుతుంది. జులైలో కూడా పగలు 15, 16 డిగ్రీలే, అందుకని పెద్దవాళ్ళకి శాలువా, మంకీ క్యాప్ సిగ్గుపడకుండా పెట్టండి. పిడుదులు ఉంటాయి, గడ్డిలో నడిచొచ్చాక రాత్రి కాళ్ళు, మోకాలి వెనక చూసుకోవాలి.

మొదటి రోజుకి పులిహోర, రెండో రోజుకి చపాతీలు, ఊరగాయ సీసా, చిన్న రైస్ కుక్కర్, ఒక ఫ్లాస్కు. పెరుగు, పాలు, కూరగాయలు పోర్ట్‌రీలో, బ్రాడ్‌ఫర్డ్‌లో కో-ఆప్ షాపుల్లో దొరుకుతాయి. కరివేపాకు మాత్రం మీరే తెచ్చుకోవాలి.

ఫోన్‌లో ఆ ఏరియా మ్యాప్ మొత్తం ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల మధ్య గంటలకొద్దీ సిగ్నల్ ఉండదు. గది అడ్రసు, తాళం పెట్టే పెట్టె కోడ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అది మెయిల్లో ఉంటుంది, మెయిల్ అక్కడ తెరుచుకోదు.

4. గ్లాస్గో నుంచి బ్రిడ్జి దాకా

గ్లాస్గో నుంచి పోర్ట్‌రీకి దాదాపు 215 మైళ్ళు. నావిగేషన్ ఐదు గంటలు, ఐదున్నర అంటుంది, మీరు ఎనిమిది వేసుకోండి. ఏ82 రోడ్డు పట్టుకుంటే లోమండ్ సరస్సు పక్కనే పోతుంది, సరస్సు పైభాగంలో టార్బెట్ దాటాక ఇరుకు, ఒకవైపు బండరాయి, ఇంకోవైపు నీళ్ళు, ఎదురుగా కోచ్ బస్సు వస్తుంది, నెమ్మదిగా పోనివ్వండి. టైండ్రమ్‌లో ఆగి టీ తాగి, టాయిలెట్ పని చూసుకోండి, ఆ తర్వాత రానక్ మూర్ అనే బీడు, గ్లెన్‌కో లోయ. గ్లెన్‌కోలో ఆగకుండా ఎవరూ పోలేరు. కానీ రోడ్డు మీద హఠాత్తుగా బ్రేక్ వెయ్యొద్దు, పార్కింగ్‌లు వరసగా మూడు నాలుగు వస్తాయి, వాటిలోకి తిప్పండి.

ఫోర్ట్ విలియమ్‌లో పెద్ద సూపర్‌మార్కెట్, పెట్రోలు. ట్యాంక్ ఇక్కడ నిండా కొట్టించండి. ఇక్కణ్ణుంచి ఒక నియమం పెట్టుకోండి, ముల్లు సగానికి దిగితే బంకు కనపడగానే నింపేయాలి, తర్వాతిది ఎక్కడో, ఎన్నింటికి మూస్తాడో చెప్పలేం. ఇన్వర్‌గారీ దగ్గర ఎడమకి ఏ87 ఎక్కితే అది నేరుగా స్కైలోకి తీసుకెళ్తుంది. దారిలో డోర్నీ ఊళ్ళో నీళ్ళ మధ్య ఎలన్ డోనన్ కోట. 1719లో యుద్ధనౌకల ఫిరంగులకి కూలిపోయి రెండొందల ఏళ్ళు మొండి గోడలుగా పడున్నదాన్ని 1932కల్లా తిరిగి కట్టారు, ఇప్పుడు కనిపించేది అదే. తర్వాత కైల్ ఆఫ్ లొహాల్ష్, బ్రిడ్జి. 1995లో తెరిచినప్పుడు టోల్ ఉండేది, జనం ఏళ్ళ తరబడి గొడవ చేస్తే 2004లో తీసేశారు. ఇప్పుడు ఉచితం.

చీకటి పడేటప్పుడు కొండదారిలో ఉండకుండా చూసుకోండి, జింకలు రోడ్డు మీదకి వచ్చేది ఆ టైంలోనే. ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుంది.

5. ఒంటి లేన్ రోడ్డు

టెన్షన్ అంతా ఇక్కడే. ఏ87 మామూలు రెండు లేన్ల రోడ్డే, దాని మీద భయం లేదు. దాన్ని వదిలి చాలా చూడదగ్గ చోట్లకి తిరిగితే కొంతదూరంలో రోడ్డు సన్నబడి ఒకే లేన్ అవుతుంది. రానూపోనూ అన్ని బండ్లకీ అదే. బండ్లు తప్పుకోడానికి మధ్యమధ్యలో రోడ్డు పక్కకి కాస్త ఉబ్బినట్టు ఉంటుంది, పక్కనే తెల్ల పలక మీద పాసింగ్ ప్లేస్ అని రాసి ఉంటుంది.

నియమం చిన్నది. ఎదురుగా బండి కనపడింది, పాసింగ్ ప్లేస్ మీ ఎడమవైపు ఉంటే అందులోకి దూరి ఆగండి. అది కుడివైపు ఉంటే దానికి ఎదురుగా మీ దారిలోనే ఆగండి, ఎదుటివాళ్ళు అందులోకి తిరిగి మిమ్మల్ని దాటుకుని పోతారు. కుడివైపున్నదాంట్లోకి మీరు అడ్డంగా వెళ్ళకూడదు, కొత్తవాళ్ళందరూ చేసేది ఇదే. ఎగువకి ఎక్కే బండికి వీలైనంతవరకు దారివ్వాలి. పాసింగ్ ప్లేస్ ఎవరికి దగ్గరైతే వాళ్ళు వెనక్కి పోవాలి, ఒక్కోసారి వంద గజాలు. రివర్స్ ప్రాక్టీస్ అన్నది ఇందుకే.

మన అలవాట్లు కొన్ని ఇక్కడ తిరగబడతాయి. మన దగ్గర ఎదుటివాడు లైట్లు కొట్టాడంటే "నేనొస్తున్నా, నువ్వాగు" అని. ఇక్కడ అదే లైటుకి "నేనాగాను, నువ్వు రా" అని అర్థం. మొదటిరోజు నేను ఆగడం, అవతలాయన లైటు కొట్టడం, నేను ఇంకా గట్టిగా ఆగడం, ఇలా ఇద్దరం నిమిషంసేపు ఎదురెదురుగా కూర్చున్నాం. హారన్ ఎవరూ కొట్టరు, కొడితే తిట్టినట్టు. దాటేటప్పుడు స్టీరింగ్ మీంచి చెయ్యి, కనీసం ఒక వేలు, ఎత్తి థాంక్స్ చెప్పాలి. ఇది మర్చిపోతే టూరిస్టని అర్థమైపోతుంది.

చూపు బానెట్ మీద కాకుండా దూరంగా, రెండు మూడు పాసింగ్ ప్లేసుల అవతల ఉండాలి. అక్కడ బండి కనపడితే ఇక్కడే ఆగిపోవడం, ఎదురెదురుగా వచ్చి ముక్కులు రాసుకున్నాక ఆలోచించడం కంటే సులువు. ముందు ఇంకో కారు వెళ్తుంటే దాని తోకకి అతుక్కోకండి, ఆ కారు రివర్స్ చెయ్యాల్సొస్తే చోటుండాలి. వెనక అద్దంలో పోస్ట్ వ్యానో పాలవ్యానో కనపడితే పక్కకి ఆగి పోనివ్వండి, మీరు సెలవు మీద ఉన్నారు, వాళ్ళు డ్యూటీ మీద ఉన్నారు. ఈ రోడ్ల మీద వేగ పరిమితి 60 మైళ్ళయినా అది చట్టం గరిష్ఠం అంతే, 30లో పోయినా తప్పేం లేదు. పాసింగ్ ప్లేస్‌లో పార్క్ చేసి ఫోటోలకి దిగడం మాత్రం ఎవరూ క్షమించరు.

ఇక ట్రాక్టర్ కథ. స్టాఫిన్ నుంచి ఊయిగ్‌కి క్విరాంగ్ కొండ మీదుగా పోయే రోడ్డు, పూర్తిగా ఒంటి లేన్, హెయిర్‌పిన్ మలుపులు. పక్క సీట్లో నాన్న, శ్రీశైలం ఘాట్‌లో ఆర్టీసీ బస్సులు ఎదురెదురుగా దాటడం చూసి పెరిగిన మనిషి. ఎదురుగా క్యాంపర్ వ్యాన్. వెనక ముప్పై గజాల్లో పాసింగ్ ప్లేస్ ఉంది. "ఎందుకురా వెనక్కి, కాస్త దించు, పడుతుంది" అన్నాడు. నేను దించాను. పచ్చగా, చదునుగా, గడ్డి మైదానంలా కనపడుతోంది. ఎడమ ముందు చక్రం చప్పుడు లేకుండా ఇరుసు దాకా దిగిపోయింది. ఆ గడ్డి కింద ఉన్నది నేల కాదు, పీట్ అనే నల్లటి మెత్తటి బురద, స్పాంజిలా నీళ్ళు తాగి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంకా దిగింది. వ్యాన్ ఆయన దిగి చూసి, పెదవి విరిచి, కిందకెళ్ళి ఎవరికో చెప్పినట్టున్నాడు, నలభై నిమిషాలకి ఒక రైతు ట్రాక్టర్ మీద వచ్చి తాడు కట్టి లాగాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. అమ్మ ఒక డబ్బాడు పులిహోర చేతిలో పెట్టింది, మొహమాటానికి తీసుకున్నాడు, తిన్నాడో లేదో తెలియదు. నాన్న ఆ పూటంతా రోడ్డు గురించి మాట్లాడలేదు. కాబట్టి చక్రం తారు దిగకూడదు, ఎంత పచ్చగా కనపడినా సరే.

గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి, రాత్రి తారు వెచ్చగా ఉంటుందని. పెద్దవి కదలవు, వాటి పక్కనుంచి మెల్లగా పోవచ్చు. తల్లి ఒకవైపు, పిల్ల ఇంకోవైపు ఉంటే మాత్రం పూర్తిగా ఆగండి, బండి దగ్గరకి రాగానే పిల్ల తల్లి దగ్గరకి అడ్డంగా పరిగెడుతుంది. అక్కడక్కడ రోడ్డుకి అడ్డంగా ఇనప కమ్మీలు వస్తాయి, పశువులు దాటకుండా వేసినవి, వాటి మీద నెమ్మదిగా, తిన్నగా పోవాలి.

బండి దిగేటప్పుడు తలుపు రెండు చేతుల్తో పట్టుకుని తియ్యండి. గాలి లాగేస్తే తలుపు వెనక్కి విరుచుకుపడుతుంది, దానికి డబ్బులు మీరే కట్టాలి. పార్క్ చేసేటప్పుడే బండి ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా పెట్టుకుంటే సగం గొడవ తప్పుతుంది.

6. రోజుకొక దిక్కు

రోజుకి ఒక వైపే. రెండు వైపులు పెట్టుకున్నారంటే రోజంతా కారులోనే.

ఒక రోజు ఉత్తరాన ట్రాటర్నిష్ ద్వీపకల్పం. పోర్ట్‌రీ నుంచి ఏ855 మీద స్టోర్, కిల్ట్ రాక్, స్టాఫిన్, క్విరాంగ్, ఊయిగ్, తిరిగి పోర్ట్‌రీ, అంతా కలిపి 50 మైళ్ళ చుట్టు. ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ అంటే 50 మీటర్ల ఎత్తు నిలువు రాయి, మైళ్ళ దూరం నుంచే కనపడుతుంది, దగ్గరకి ఎక్కి దిగడానికి రెండు గంటలు. పార్కింగ్ పది దాటితే నిండిపోతుంది. ఉదయం ఆరింటికి వెళ్ళండి, లేదా సాయంత్రం ఏడు తర్వాత, వెలుగు ఎలాగూ ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద కూర్చుని టీ తాగొచ్చు, కిల్ట్ రాక్ దగ్గర మాత్రం వాళ్ళూ దిగాలి, జలపాతం కొండ అంచు నుంచి నేరుగా సముద్రంలోకి పడుతుంది, పార్కింగ్ నుంచి నాలుగడుగులు.

ఇంకో రోజు ఎల్గోల్. బ్రాడ్‌ఫర్డ్ నుంచి 15 మైళ్ళు, ఒంటి లేన్. అందరూ ఫెయిరీ పూల్స్ అనే కొండవాగు మడుగులకి పరిగెడతారు, గ్లెన్‌బ్రిటిల్ రోడ్డు బండ్లతో కిక్కిరిసి ఉంటుంది, మబ్బు రోజున ఆ నీళ్ళు ఫోటోల్లోలా నీలంగా ఉండవు, మన అరకు దగ్గర వాగులు చూసినవాళ్ళకి పెద్దగా ఆనదు. ఎల్గోల్ చివర రోడ్డు నిటారుగా దిగి సముద్రం దగ్గర ఆగిపోతుంది, నీళ్ళకి అవతల కూలిన్ కొండలు వరసగా నల్లగా. ఎదురుగా ఒక్క ఇల్లు లేదు. నాకు స్కై అంటే అదే.

టైం ఉంటే డన్‌వేగన్ కోట, అక్కణ్ణుంచి నీస్ట్ పాయింట్ లైట్‌హౌస్. కార్బోస్ట్‌లో 1830 నుంచి నడుస్తున్న టాలిస్కర్ విస్కీ బట్టీ ఉంది, రుచి చూడాలనుకునేవాళ్ళు తాళం చెవి ఇంకొకరికి ఇచ్చేయాలి, స్కాట్లాండ్‌లో మద్యం పరిమితి ఇంగ్లాండ్ కంటే తక్కువ, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములే. ఇంగ్లాండ్‌లో 80.

బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు గేలిక్ ఉంటుంది, కంగారు పడకండి. బెన్ అంటే కొండ, లొహ్ అంటే సరస్సో సముద్రపు పాయో, కైల్ అంటే జలసంధి. ఈ మూడు తెలిస్తే చాలు. నావిగేషన్ ఆవిడ ఆ పేర్లు పలికే తీరు మాత్రం దారిపొడవునా నవ్విస్తుంది.

7. రెండు రోజులు ఎక్కువుంటే, తిరుగు దారి

ఊయిగ్ నుంచి హారిస్ ద్వీపంలోని టార్బర్ట్‌కి కారుతో సహా ఫెర్రీలో గంటా నలభై నిమిషాలు. సమ్మర్‌లో కారు టికెట్ ముందే అయిపోతుంది, బుక్ చేసేటప్పుడు బండి పొడవు అడుగుతారు. హారిస్, లూయిస్ అని రెండు పేర్లు కానీ ద్వీపం ఒకటే. లస్కెంటైర్ బీచ్‌లో తెల్ల ఇసుక, పచ్చటి నీళ్ళు చూసి అమ్మ "ఇది అండమాన్ కదురా" అంది, వేలు పెట్టగానే మాట మార్చింది. అక్కడ ఆదివారం సంగతి గుర్తుంచుకోండి. అది ప్రార్థన రోజు, షాపులు, బంకులు దాదాపు అన్నీ మూసేస్తారు. శనివారం సాయంత్రానికే పెట్రోలు, పాలు, బ్రెడ్డు తెచ్చి పెట్టుకోవాలి. రోడ్డు పక్కన గేటు దగ్గర పెట్టెలో గుడ్లో కేకులో పెట్టి ధర రాసి ఉంటుంది, డబ్బా కూడా అక్కడే, మనుషులెవరూ ఉండరు. చిల్లర ఉంచుకోండి.

వచ్చిన దారినే తిరిగి పోకుండా, ఆర్మడేల్ నుంచి మల్లెగ్‌కి ఫెర్రీ ఎక్కితే గ్లెన్‌ఫినన్ మీదుగా ఫోర్ట్ విలియమ్ చేరొచ్చు, గ్లెన్‌ఫినన్‌లో 21 కమానుల రైలు వంతెన ఉంది. ఇంకా సరదా కావాలంటే కైల్‌రియా నుంచి గ్లెనెల్గ్‌కి చిన్న ఫెర్రీ, ఈస్టర్ నుంచి అక్టోబర్ దాకా నడుస్తుంది, ఆరు కార్లు పడతాయి, పైనున్న పళ్ళెంలాంటి డెక్కుని పనివాళ్ళు చేతుల్తో నెట్టి తిప్పుతారు. ఫెర్రీలో హ్యాండ్ బ్రేక్ లాగి, గేర్ల బండి అయితే గేర్‌లో, ఆటోమేటిక్ అయితే Pలో పెట్టండి. గాలి ఎక్కువైతే ఫెర్రీలు రద్దవుతాయి, మెసేజ్ ఉదయమే వస్తుంది, ఫోన్ చూసుకుని బయల్దేరండి. రద్దయితే బ్రిడ్జి ఉంది, కార్లని సాధారణంగా ఆపరు, ఎత్తు వ్యాన్లనే ఆపుతారు. అలాగైతే ఫోర్ట్ విలియమ్‌కి రెండున్నర గంటలు వేసుకోండి.